ఉసిరిబంద ఆకులమ్మ

రోలుగుంట నుంచి వచ్చే బస్సు ఉసిరిబంద ఊళ్ళోకి రాదు. రాళ్ళ మలుపు దగ్గర ఆగి, దిగేవాళ్ళని దింపేసి, దుమ్ము లేపుకుంటూ వెనక్కి తిరిగిపోతుంది. అక్కణ్ణుంచి మైలు నడక. 1977 ఏప్రిల్లో ఒకనాటి పొద్దున్న ఆ బస్సు టాపు మీంచి ఇరవై మంచాలు దిగాయి. మంచాలంటే మంచాలు కావు లెండి. చదరపు మీటరు చెక్క ఫ్రేములు, వాటికి మూరెడు కాళ్ళు, మధ్యలో దోమతెర గుడ్డ ఊయలలా వేలాడుతూ ఉంది. వాటి వెనకాల పాతికేళ్ళు దాటిన ఒక అమ్మాయి దిగింది. కాటన్ చీర, కాళ్ళకి కాన్వాసు బూట్లు! చీర మీద బూట్లు నేను అదే చూడడం.

నేనప్పుడు ఆ ఊరి బడికి ఒకే ఒక్క మాస్టారిని. గంట కొట్టేదీ నేనే, అయిదు తరగతులకీ పాఠం చెప్పేదీ నేనే. ఊరికి ఎవరొచ్చినా ముందు నా దగ్గరికే తీసుకొచ్చేవారు. అలా ఆవిణ్ణి, మంచాల్నీ, వెనకాల సగం ఊరినీ మా బడి వరండాలోకి తెచ్చారు.

ఆవిడ పేరు కనకమహాలక్ష్మి. నర్సీపట్నం తాలూకా ఆఫీసులో గుమాస్తా భానుమూర్తి గారి అమ్మాయి. బోటనీ ఎమ్మెస్సీ చదివి, డాక్టరేటు కోసం మా ఊరు ఎంచుకుందట. ఇదంతా ఆవిడ నాకు చెప్తూ ఉండగానే తలుపులమ్మ అడ్డుపడింది. తలుపులమ్మకి అప్పటికి యాభై ఉంటాయి. ఊరి చివర అరెకరం జీడితోట, నాలుగు మేకలు, ఎవరికీ లొంగని నోరు ఆవిడ ఆస్తి.

"ఏటమ్మా, మంచాలు అమ్మడానికొచ్చేవేటి? ఇంత బుల్లి మంచాల మీద ఎవులు పడుకుంటారు?"

"మంచాలు కావు పిన్నీ. ఆకులు పట్టే వలలు."

"సేపలకి వలలున్నాయి, పిట్టలకి వలలున్నాయి. ఆకులకి వలేటమ్మా? అయ్యేమన్నా పారిపోతాయేటి?"

సగం ఊరూ ఘొల్లున నవ్వింది. నేనూ నవ్వాననుకోండి. కనకం మాత్రం తనూ నవ్వేసి, ఓపిగ్గా చెప్పింది. కొండవార అడవిలో పది వలలు పెడుతుంది, ఊరి పక్క జీడితోటల్లో పది. పదిహేను రోజులకోసారి వాటిలో రాలినదంతా సంచుల్లోకి ఎత్తి, ఎండబెట్టి, తూచి, పుస్తకంలో రాసుకుంటుంది. అడవి కొట్టి జీడి వేస్తున్నారు కదా, అడవి చెట్టు నేలకి ఎంత ఆకు ఇస్తోంది, జీడిచెట్టు ఎంత ఇస్తోంది, అదీ లెక్క. ఏడాది పాటు తూస్తే గానీ తేలదు.

"ఏడాదీ ఆకులు తూత్తావా?" అంది తలుపులమ్మ. "మీ అమ్మకి తెలుసా?"

ఆ రోజు నుంచీ ఊళ్ళో ఆవిడ పేరు ఆకులమ్మ గారు. కనకమహాలక్ష్మి అన్న పేరు నా హాజరుపట్టీలో ఒక పిల్లకి ఉండేది, ఆవిడకి మాత్రం పోయింది.

తలుపులమ్మ ఉండే వీధిలోనే ఒక పెంకుటిల్లు అద్దెకి తీసుకుంది. తెల్లారేసరికి బూట్లు తొడుక్కుని కొండవారకి బయల్దేరేది. వానాకాలంలో గెడ్డ పొంగితే చీర మోకాళ్ళ పైకి దోపుకుని, నోట్సు పుస్తకాన్ని నెత్తి మీద పెట్టుకుని దాటేది. ఒకసారి మూడో వలలో జెర్రిపోతు చుట్టుకుని పడుకుంటే, అది లేచి వెళ్ళేదాకా గంటసేపు ఎదురుగా కూచుందట. "కర్రతో తోలెయ్యలేకపోయారా?" అన్నాను. "తోలితే వలలో ఆకు చెదురుతుంది మాస్టారూ" అంది. ఇదీ మనిషి!

ఆకులు మా బడి వరండాలోనే ఎండేవి. వాటి మీద కాగితం చీటీలు, చీటీల మీద నంబర్లు. మా ఒకటో తరగతి పిల్లలు అంకెలు నా దగ్గర కంటే ఆ చీటీల మీదే ముందు నేర్చుకున్నారు, ఒప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

అన్నీ బాగానే ఉన్నాయి గానీ లెక్క కుదరడం లేదు. అడవి వలలు నిండుగా ఉండేవి. జీడితోట వలల్లో మాత్రం ఎప్పుడు చూసినా మూడు ఆకులో, నాలుగు ఆకులో. మొదట్లో జీడి స్వభావమే అంత అనుకుంది. జనవరిలో ఒకనాడు తోటలోంచి చరచరా వచ్చేసి నన్ను అడిగింది.

"మాస్టారూ, చెట్టు కింద నేల మీద ఆకు చీలమండ లోతు ఉంది. నేల మీదకి రాలిన ఆకు, మూరెడు ఎత్తున ఉన్న వలలోకి ఎందుకు రాలదండీ?"

నాకేం తెలుస్తుంది? గాలి అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు మా ట్రైనింగు స్కూలు హెడ్మాస్టరు చూపులా ఉంది.

ఫిబ్రవరిలో జీడిపిక్కలు రాలడం మొదలైంది. అప్పుడింకా విచిత్రం. వలకి పాతిక, ముప్ఫై పిక్కలు! ఆవిడకి గైడు రామనాథం గారని యూనివర్సిటీలో పెద్ద ప్రొఫెసరు. ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. ఆకు ఇంత తక్కువ రాల్చి కాయ ఇంత ఎక్కువ ఇచ్చే చెట్టు గురించి లోకానికి తెలియాలట, బేగి వ్యాసం రాసి పంపమన్నారు. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. ఈవిడ ఆ ఉత్తరం మడిచి పుస్తకంలో పెట్టి, "రేపు తెల్లవారకుండా తోటకి వస్తారా మాస్టారూ? నాకొక సాక్షి కావాలి" అంది.

వెళ్ళాం. ఒక బండరాయి చాటున కూచున్నాం. వెలుతురు పడుతూ ఉండగా తలుపులమ్మ వచ్చింది, చంకలో చీపురుతో, ఏదో కూనిరాగం తీస్తూ. సరాసరి పదకొండో వల దగ్గరికి వెళ్ళింది. వల కింద చెయ్యి పెట్టి ఎత్తి, ఆకంతా కింద దులిపేసింది. పైట చెంగుతో ఫ్రేము మీది మంచు తుడిచింది. చుట్టూ నేల మీదున్న పిక్కలు ఏరి, ఒకటొకటిగా వలలో వేసింది. అలా పన్నెండోది, పదమూడోది. నాకు నవ్వు ఆగలేదు, కండువా నోట్లో కుక్కుకున్నాను. పక్కన కనకం రాయిలాగే ఉంది.

"పిన్నీ!"

తలుపులమ్మ దొంగతనంలో దొరికినట్టు అదిరిపడింది. "ఓలమ్మ! సూసేసేవేటి! ఇంకేటి, పున్నెం పోయినట్టే!"

ఇక్కడ మా ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. వీధిలో ఆడమనిషి ఒంటరిగా ఉంటే, ఆవిడ లేవకముందే ఇరుగుపొరుగువాళ్ళు వంతులు వేసుకుని ఆవిడ వాకిలి ఊడ్చి కల్లాపి చల్లుతారు. కానీ ఆ సంగతి ఆవిడకి చెప్పకూడదు. చెప్తే పుణ్యం ఉండదు. "ఎవరు ఊడ్చారు?" అని అడిగినా, "ఏమో, ఎవులో" అనాలి. కనకం కూడా మొదటి వారంలో అడిగి, "ఏమో, ఎవులో" విని ఊరుకుంది.

"ఎన్నాళ్ళ నుంచి పిన్నీ?"

"నువ్వొచ్చిన కాణ్ణుంచీ. వాకిలి బుల్లమ్మ వంతు, వలలు నా వంతు. కొండ మీదయ్యి దూరం, నా మోకాళ్ళు ఎక్కనేవు, ఏటనుకోకు."

"మరి పిక్కలు?"

"నువ్వు వలలెట్టింది పిక్కల కోసమే గదా! ఆకులకని సెప్పేవు గానీ, ఆకులకి ఎవులైనా వలెడతారా? సిగ్గుపడి సెప్పనేదనుకున్నాం. నీ వలలో పడవలసినయ్యి పక్కన పడిపోతన్నాయి. తోటోళ్ళకి సెప్పే ఏసేను, దొంగసొమ్ము కాదులే."

కనకం ముందు నవ్వింది. నవ్వుతూనే ఆ చెట్టు కింద కూలబడింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "పది నెలలు" అంది, మాతో కాదు, నేలతో. మే నుంచి రాసిన అంకెల్లో జీడితోటవి ఒక్కటీ పనికిరావు. వచ్చే ఏడాది మార్చితో ఆవిడకిచ్చిన గడువు పూర్తి. డాక్టరేటు కావాలంటే పన్నెండు నెలల లెక్క, మధ్యలో ఖాళీ లేకుండా ఉండాలి.

ఇదంతా విడమరిచి చెప్పేసరికి తలుపులమ్మ మొహం మాడిపోయింది. "అయితే నాను సెత్తనుకుని పారబోసిందే నీ సదువా?" అంది. చీపురు చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. కూనిరాగం లేదు.

కనకం మర్నాడే వాల్తేరు యూనివర్సిటీకి వెళ్ళి గైడు గారికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. వచ్చాక ఆ సంభాషణ నాకు ఆయన గొంతుతో సహా చేసి చూపించింది. ఆయన మంచివారే, శిష్యురాలు నష్టపోకూడదని ఆయన తాపత్రయం.

"చూడమ్మా, నేల మీద ఆకు ఎంతుందో నువ్వు చూశావు కదా. దాన్ని బట్టి పది నెలలకీ అంచనా వేసెయ్యి. ఉసిరిబంద వచ్చి ఎవరు చూస్తారు?"

"నేను చూశాను కదండీ."

"మళ్ళీ మొదలెడితే సరిగ్గా పన్నెండు నెలలే ఉన్నాయి. ఒక్కసారి తప్పినా ఆ ఏడాది లెక్కలోకి రాదు. అప్పుడు నేను కూడా ఏం చెయ్యలేను."

"తప్పదండీ."

అంతే. 1978 ఏప్రిల్ ఒకటిన ఇరవై వలలూ ఖాళీ చేసి, కొత్త పుస్తకం మొదలుపెట్టింది. పదిహేను రోజులకొకటి చొప్పున ఇరవైనాలుగు సార్లు ఎత్తాలి. ఇరవైమూడు కాదు.

ఊరందరికీ వలలు ముట్టవద్దని చెప్పి ఒప్పించింది. తలుపులమ్మ ఒక్కతే మాట్లాడడం మానేసింది. వీధిలో ఎదురైతే మేకతో మాట్లాడేది. "పదవే, మన సెయ్యి పడితే సదువులు పాడైపోతాయంట, పద." రెండు వారాలు ఈ మేక భాష భరించి, కనకం ఒకనాడు నేరుగా ఆవిడ వంటింటి గుమ్మంలో పీట వేసుకుని కూచుంది. ఆ రోజు పిల్లల టీకాల జాబితా రాయడానికి నేనూ ఆ వీధిలోనే ఉన్నాను.

"పిన్నీ, నువ్వు మాట్లాడేదాకా లేవను."

"లేవకు. పీట అరిగితే నీదే బాద్దెత."

అరగంట గడిచింది. తలుపులమ్మ జొన్నలు చెరిగింది, పొయ్యి ఊదింది, మేకని తిట్టింది. చివరికి తనే ఓడిపోయింది.

"సరే గానీ, ఆకు తూత్తే ఏటొత్తాది?"

"భూమికి తిండి ఎంతొస్తోందో తెలుస్తుంది. ఆకు కుళ్ళితేనే కదా నేలకి బలం."

తలుపులమ్మ చేట కింద పెట్టింది. "కొండ మీద ఆకు కొండే తింతాది, సరే. మా తోటలో ఆకు భూమెక్కడ తింతాది? పిక్కలు కనపడాలని నాం ఊడ్సేత్తాం, పోగెట్టి కాల్సేత్తాం. నువ్వు వలలో తూసిందంతా సెట్టు ఎట్టింది. భూమి తిన్నాది కాదు. ఆ ఇవరం నీ పుస్తకంలో ఉందేటి?"

నేను జాబితాలో ఒక పిల్లాడి పేరు రెండుసార్లు రాసేశాను. అక్షరం ముక్క రాని మనిషి ఒక్క మాటలో పరిశోధన సగానికి కోసి, మిగతా సగం చేతిలో పెట్టేసింది!

"లేదు పిన్నీ. నువ్వొస్తే ఉంటుంది."

ఆ మర్నాటి నుంచి పుస్తకంలో ఇంకో గడి వచ్చింది. ప్రతి జీడి వల పక్కనా నాలుగు మేకులు పాతి, అంతే మేర నేల గుర్తుపెట్టారు. అక్కడ తలుపులమ్మ ఎప్పటిలాగే ఊడుస్తుంది, కానీ ఊడ్చింది కాల్చకుండా తూకానికి తెస్తుంది. వల మాత్రం ముట్టదు. ముట్టదంటే ముట్టదు. వల మీద కాకి వాలినా, "అమ్మగోరి పని, నాకెందుకు" అని చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేది.

ఎండలు పోయాయి, వానలు వచ్చాయి. పది సార్లు ఎత్తడం అయింది. సెప్టెంబరు పదిహేను పదకొండోసారి. దానికి మూడు రోజుల ముందు కనకానికి చలిజ్వరం పట్టుకుంది. మన్నెం వైపు కొయ్యూరు అడవుల్నుంచి వచ్చే ఆ జ్వరం సంగతి తెలిసినవాళ్ళకి తెలుసు. పక్కమీంచి లేస్తే గోడ పట్టుకోవాలి. కబురు పెడితే పదిహేను పొద్దున్నే మొదటి బస్సుకి భానుమూర్తి గారు వచ్చేశారు. నర్సీపట్నం ఆస్పత్రికి తీసుకెళ్ళాలి, అదే బస్సు పదిన్నరకి మలుపు దగ్గరికి మళ్ళీ వస్తుంది.

"లే అమ్మా, ఎడ్లబండి సిద్ధంగా ఉంది."

"ఈవేళ పదకొండోది నాన్నా. ఎత్తేసి వస్తాను."

"నువ్వు మంచం మీంచి గుమ్మం దాకా రాలేకపోతున్నావు, కొండ ఎక్కుతావా? ఆకులు ఎక్కడికి పోతాయే? వారం పోయాక ఎత్తుకో."

"పోతాయి నాన్నా. వానకి కుళ్ళిపోతాయి, గాలికి ఎగిరిపోతాయి. పదిహేను రోజులంటే పదిహేను రోజులే." అని లేచి నిలబడింది. రెండడుగులు వేసి, మూడో అడుగుకి నా చేతుల్లో పడింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఆవిడ కళ్ళల్లో మాత్రం పట్టుదలే.

గుమ్మంలోంచి తలుపులమ్మ అంది. "నాను తెత్తాను."

కనకం ఆవిడ చేతుల వైపు చూసింది. పది నెలల కష్టాన్ని ప్రేమగా దులిపేసిన చేతులవి. అవతల బస్సు టైమవుతోంది. ఆవిడకి ఆ క్షణం ఎంత కష్టమో నాకు తెలుసు. ఒంట్లో బలం ఉంటే పాకుతూ అయినా తనే వెళ్ళేది.

"ఉన్నది ఉన్నట్టు పిన్నీ" అంది చివరికి.

"ఉన్నది ఉన్నట్టే. మాస్టరు బాబూ, సీటీలు పట్టుకుని బేగి రండి."

మోకాళ్ళు ఎక్కవన్న మనిషి నా కంటే ముందు కొండవార చేరింది. నేను చీటీ రాసి ఇస్తే, ఆవిడ వల అడుగు దాకా వేళ్ళతో తడిమి, పుల్లా పుడకా, పురుగు రెక్కతో సహా సంచిలో వేసి మూతి కట్టేది. ఆరు అయ్యాయి. ఏడో వల దగ్గరికి వెళ్ళేసరికి, దాంట్లో ముందు కాళ్ళు రెండూ పెట్టి ఒక మేక తీరుబడిగా నములుతోంది. మెడలో ఎర్రగుడ్డ. తలుపులమ్మ మేకే!

అదిలించి చూస్తే వలలో ఏమీ లేదు. దోమతెర గుడ్డ అద్దంలా ఉంది.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పక తప్పదు. చుట్టూ నేల మీద అవే ఆకులు, అదే చెట్టువి, మోకాలి లోతు. నేను అటూ ఇటూ చూసి, "తలుపులమ్మా, రెండు గుప్పెళ్ళు ఎత్తి వేసేద్దాం. పాపం, ఆవిడ జ్వరంలో బెంగపడుతుంది. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

ఆవిడ నన్ను తల నుంచి చెప్పుల దాకా చూసింది. "పిల్లలకి సదువు సెప్పేది మీరేనేటి బాబూ?"

"అది కాదు..."

"నాను ఎర్రిదాన్ని, తెలీక పది నెలలు పాడుసేసేను. మీరు తెలిసీ సేద్దారనేటి? ఈ సంచి మూతి కట్టండి, ఏడు అని సీటీ ఎట్టండి."

"ఖాళీ సంచికా?"

"కాళీ సంచికే."

కట్టాను. మిగతా పదమూడూ ఎత్తుకుని దిగేసరికి పది దాటింది. ఎడ్లబండిలో కనకం దుప్పటి కప్పుకుని వణుకుతూ కూచుంది. సంచులు చూసేదాకా బండి కదలనివ్వలేదట. తలుపులమ్మ పంతొమ్మిది సంచులు బండిలో వరసగా పేర్చి, ఏడోది చేతిలో పట్టుకుని ఎదురుగా నిలబడింది.

"ఇది కాళీ. నా మేకే తినేసినాది. తిట్టేదేదో బేగి తిట్టేయ్, బస్సెల్లిపోద్ది."

కనకం ఆ సంచిని అందుకుని నొక్కి చూసింది. తర్వాత పుస్తకం అడిగి తీసుకుని, 'ఏడు: మేక మేసింది' అని రాసింది. రాసి, తలుపులమ్మ చెయ్యి పట్టుకుంది. "ఒకటో తారీకు నేను లేకపోతే, అదీ నువ్వే ఎత్తు పిన్నీ" అంది. బండి కదిలింది.

ఒకటో తారీకుకి ఆవిడ వచ్చేసిందిలెండి, ఇంకా కళ్ళు లోపలికి ఉండగానే. గాలివానలో ఒక ఫ్రేము విరిగితే వడ్రంగి లచ్చన్న చేత బాగుచేయించింది. మొత్తం మీద 1979 మార్చి ముప్ఫై ఒకటిన ఇరవైనాలుగోసారి ఎత్తి, తూచింది. ఆ రోజు కొండ మీది పది వలలకీ తలుపులమ్మే ముందు నడిచింది.

గైడు గారు ఏడో సంచి దగ్గర మళ్ళీ ఆగారట. పక్క తొమ్మిదింటి సరాసరి వేసేస్తే గడి నిండుగా ఉంటుంది కదా అన్నారట. "వలలో ఏముందో అదే రాశానండీ. ఎత్తడం మాత్రం తప్పలేదు" అంది. థీసిస్‌లో ఆ గడి ఖాళీగానే ఉంది, కింద మేక సంగతి ఉంది. పై ఊరి నుంచి వచ్చిన పరీక్షకుడు అది చదివి, "నలభై థీసిస్‌లు చూశాను గానీ, మేకని ఒప్పుకున్న థీసిస్ ఇదొక్కటే. దీన్ని బట్టే మిగతా అంకెలు నమ్ముతున్నాను" అన్నారట. చీపురు లెక్క ఒక అధ్యాయం అయింది. తోటలో రాలిన ఆకులో ముప్పాతిక వంతు మంట పాలవుతోందని తేలింది. తలుపులమ్మ తన అరెకరంలో ఊడ్చిన ఆకు కాల్చడం మానేసి, పిక్కలు ఏరుకున్నాక చెట్టు మొదట్లోకే తోసేస్తుంది. మిగతావాళ్ళు కొందరు చూసి చేశారు, కొందరు చెయ్యలేదు.

1981లో డాక్టరేటు వచ్చింది. ఆ ఏడే నర్సీపట్నంలో ఒక కాలేజీలో లెక్చరరు ఉద్యోగమూ వచ్చింది. ఇక వలలు పీకేస్తుందనుకున్నాను. పీకలేదు. ఇప్పుడు 1988. నేను రిటైరయ్యాను, రోలుగుంటలో ఉంటున్నాను, మొదటి బస్సు మా అరుగు ముందు నుంచే వెళ్తుంది. ప్రతి ఒకటో తారీకునా కిటికీ పక్కన ఆవిడ. కాలేజీ ఉన్న రోజైతే సెలవు పెట్టేస్తుంది. పదిహేనో తారీకు వంతు ఊళ్ళో తలుపులమ్మదే.

మొన్నామధ్య బస్సు ఆగినప్పుడు అడిగాను. "డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది, ఇంకా ఎందుకండీ ఈ తూకాలు?"

"ఒక ఏడు తూస్తే ఆ ఒక్క ఏడు సంగతే తెలుస్తుంది మాస్టారూ. పదేళ్ళలో రెండు కరువులు చూశాను, మూడు తుపాన్లు చూశాను. చెట్టు ప్రతిసారీ కొత్త లెక్క చెప్తోంది."

"ఇంకెన్నాళ్ళు?"

"కండక్టరు గారూ, పోనివ్వండి. ఈవేళ రెండువందల నలభై నాలుగోది, ఆలస్యమైపోతోంది" అని కిటికీలోంచి చెయ్యి ఊపేసింది.